పట్నం చేతికొచ్చింది, పల్లె రాలేదు: మ్యూనిక్ 1919

ఈ వారం మనం ఉంటున్న మ్యూనిక్ గురించే మాట్లాడదామనుకుంటున్నాను. బీరు పండుగ గురించి కాదు లెండి. కానీ ఆ పండుగ జరిగే తెరీజియన్‌వీజ మైదానం నుంచే కథ మొదలవుతుంది. 1918 నవంబరు 7న అక్కడ వేలాది జనం యుద్ధం చాలించమంటూ సభ పెట్టారు. ఆ రాత్రికల్లా, ఏడు వందల ఏళ్ళకు పైగా బవేరియాను ఏలిన రాజవంశం గద్దె దిగింది. రాజు మూడవ లూడ్విగ్ ఊరు విడిచి వెళ్ళిపోయాడు. అయిదు నెలల తరువాత, 1919 ఏప్రిల్ 7న, ఇదే నగరంలో సోవియట్ రిపబ్లిక్ ప్రకటించారు. అది నాలుగు వారాలు కూడా నిలవలేదు. అంతకు ఏడాదిన్నర ముందు రష్యాలో మొదలైన సోవియట్ ప్రభుత్వం మాత్రం డెబ్బై ఏళ్ళు దాటి నిలిచింది.

ఎందుకిలా అని ఇక్కడ మా ఆఫీసులో ఎవరినడిగినా ఒకటే జవాబు: "బవేరియా వాళ్ళు సంప్రదాయవాదులు, చర్చికి వెళ్ళే జనం, వాళ్ళకు విప్లవమేమిటి?" నాకు ఈ జవాబు రుచించదు. జర్మనీలో అందరికంటే ముందు రాజును దింపింది ఈ సంప్రదాయవాదులే కదా! పైగా ఆనాడు కుర్ట్ ఐస్నర్ పక్కన రైతు సంఘం నాయకుడు గాండోర్ఫర్ కూడా నడిచాడు. అంటే నవంబరులో పల్లె ఎంతోకొంత విప్లవంతోనే ఉంది. ఏప్రిల్‌కి లేదు. చూడవలసింది ఆ మధ్య ఏం జరిగిందన్నది.

ఐస్నర్ పత్రికా రచయిత, బెర్లిన్ నుంచి వచ్చిన సోషలిస్టు. జనవరిలో ఎన్నికలు పెడితే ఆయన పార్టీకి రెండున్నర శాతం ఓట్లొచ్చాయి. ఫిబ్రవరి 21న రాజీనామా ఇవ్వడానికి శాసనసభకు నడిచి వెళ్తుంటే ఒక కులీన యువకుడు వెనకనుంచి కాల్చి చంపాడు. నగరం అట్టుడికిపోయింది. కొత్తగా వచ్చిన హాఫ్‌మన్ ప్రభుత్వం నిలదొక్కుకోలేక బాంబెర్గ్‌కు తరలిపోయింది. అప్పుడు సోవియట్ రిపబ్లిక్ ప్రకటించిన వాళ్ళెవరు? కవి, నాటకకర్త ఎర్నస్ట్ టోలర్, తత్వవేత్త గుస్టావ్ లాండావర్, మరో కవి ఎరిష్ మ్యూజమ్. విదేశాంగ మంత్రిగా పెట్టుకున్న లిప్ అనే ఆయన మాస్కోకు టెలిగ్రాం కొట్టాడు, హాఫ్‌మన్ పోతూ పోతూ మంత్రిత్వశాఖ మరుగుదొడ్డి తాళంచెవి ఎత్తుకుపోయాడని! నవ్వొచ్చే మాటే, కానీ నవ్వి వదిలేస్తే అసలు విషయం తప్పిపోతుంది. ఆ వారంలో కమ్యూనిస్టులు కూడా, ఇది ఉత్తుత్తి సోవియట్ అని అందులో చేరలేదు. ఏప్రిల్ 13న ప్రభుత్వాన్ని కూల్చే ప్రయత్నం జరిగి, రైల్వే స్టేషన్ దగ్గర పోరాడి దాన్ని తిప్పికొట్టాక, అధికారం ఒయ్‌గెన్ లెవినె నాయకత్వంలోని కమ్యూనిస్టుల చేతికొచ్చింది. వాళ్ళు కవులు కారు, క్రమశిక్షణ ఉన్నవాళ్ళు. వాళ్ళూ రెండు వారాలే ఉన్నారు. కాబట్టి లోపం నాయకుల్లో మాత్రమే లేదన్నమాట.

నాకు తోచిన కారణం ఇది. రష్యాలో బోల్షివిక్కులు అధికారానికొచ్చిన మర్నాడే రెండు కాగితాల మీద నిర్ణయం చేసారు. ఒకటి శాంతి, రెండోది భూమి. సైనికుడికి ఇంటికి పోవాలి, ఇంటికెళ్ళాక దున్నుకోడానికి జమీందారు భూమి కావాలి. రెండూ ఆ కాగితాల్లో ఉన్నాయి. తరువాత ధాన్యం బలవంతంగా పట్టుకుపోతుంటే రైతు బోల్షివిక్కుల్ని తిట్టుకున్నాడు, తిరగబడ్డాడు కూడా. అయినా తెల్ల సైన్యం గెలిస్తే వెనకే పాత జమీందారు వస్తాడన్న భయం ముందు ఆ కోపం చిన్నదైంది.

బవేరియాలో ఈ రెండూ ఇవ్వడానికి లేవు. యుద్ధం 1918 నవంబరులోనే ముగిసింది. రైతుల్లో ఎక్కువమందికి ఎంతో కొంత సొంత భూమి ఉంది. మ్యూనిక్ వాళ్ళు వాళ్ళకు ఇవ్వగలిగింది ఏమీ లేదు. అడగవలసినవి మాత్రం చాలా ఉన్నాయి: పాలు, గోధుమలు, బంగాళాదుంపలు. రైతులు పంపడం మానేసారు. నగరంలో సార్వత్రిక సమ్మె, ఖాళీ అంగళ్ళు. అక్కడ బాంబెర్గ్‌లో పోటీ ప్రభుత్వం, దాని వెనక బెర్లిన్ సైన్యం.

మా కన్సల్టింగ్ వృత్తిలో సిస్టం మొదలుపెట్టే ముందు ఒక చెక్‌లిస్టు చూసుకుంటాం. లెనిన్ ఏప్రిల్ 27న బవేరియాకు రాసిన సందేశం అచ్చం అలాగే ఉంటుంది. కార్మికులకు ఆయుధాలిచ్చారా, బ్యాంకుల్ని తీసుకున్నారా, కాగితం నిల్వలు, ముద్రణాలయాలు స్వాధీనం చేసుకున్నారా, చిన్నరైతుల తాకట్టు బాకీలు, కౌళ్ళు రద్దు చేసారా అని వరుసగా ప్రశ్నలు. సరిగ్గా ఆ రోజే మ్యూనిక్ ఫ్యాక్టరీ కౌన్సిళ్ళ సభ లెవినె బృందాన్ని పదవి నుంచి దింపేసింది. అంటే పల్లె మాట అటుంచండి, కార్మికులు కూడా అలసిపోయారు.

ఆ జాబితాలో ఇంకో ప్రశ్న ఉంది, బందీలను పట్టుకున్నారా అని. కఠినంగా ఉన్నవాడే నిలుస్తాడని వాదించేవాళ్ళు మనలోనూ ఉన్నారు. ఏప్రిల్ 30న ఎర్ర సైనికులు లూయిట్‌పోల్డ్ జిమ్నేజియంలో, అంటే చిన్నప్పుడు ఐన్‌స్టీన్ చదివిన బడిలో, పదిమంది బందీలను కాల్చి చంపారు. దాంతో ఆ ప్రభుత్వానికి ఒక్క పూట ఆయుష్షు కూడా పెరగలేదు. మర్నాటి నుంచి నగరంలోకి దిగిన సైన్యానికీ, ఫ్రైకోర్ దళాలకూ అది సాకైంది. చచ్చిన వాళ్ళు ఆరు వందల పైచిలుకు, అందులో ఆయుధం పట్టనివాళ్ళు ఎందరో. మే 6న అయితే సభ చేసుకుంటున్న 21 మంది కేథలిక్ యువకులను ఎర్రవాళ్ళనుకుని చంపేసారు.

హంగరీలో బేలా కున్ ప్రభుత్వం అదే ఏడు 133 రోజులు ఉంది. అక్కడ పెద్ద ఎస్టేట్లు ఉన్నా రైతులకు పంచలేదు, ప్రభుత్వ క్షేత్రాలుగా మార్చారు. రుమేనియా సైన్యం వచ్చినప్పుడు పల్లె అడ్డుపడలేదు. తూర్పు జర్మనీ మాట వేరు. దాన్ని 1953 జూన్ 17న సోవియట్ ట్యాంకులు కాపాడాయి. 1989లో ఆ ట్యాంకులు బారకాసులు దాటలేదు, అంతే.

మ్యూనిక్‌కు సరిగ్గా తలకిందుల ఉదాహరణ మన తెలంగాణ. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాక సాయుధ పోరాటం 1951 అక్టోబరు దాకా సాగింది. పార్టీ లెక్క ప్రకారం మూడు వేల గ్రామాలు, పది లక్షల ఎకరాల పంపకం. హైదరాబాదు నగరం ఒక్కరోజు కూడా వాళ్ళ చేతిలో లేదు. మంత్రులు లేరు, టెలిగ్రాములు లేవు. వెట్టి పోయింది, దొర భూమి చేతికొచ్చింది, అంతే చాలు అయిదేళ్ళు గడవడానికి. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చి నిజాం పాలన పోయాక, నిజాం మీద కోపంతో కలిసొచ్చిన మోతుబరులు పక్కకు తప్పుకున్నారు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. దళాలు అడవి పట్టాయి. అయినా 1952 ఎన్నికల్లో నల్లగొండలో రావి నారాయణరెడ్డిగారికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లొచ్చాయి. లెవినె వెనక అలాంటి ఒక్క జిల్లా కూడా లేదు. 1919 జూన్ 5న ఆయన్ను ఇక్కడి ష్టాడెల్‌హైమ్ జైల్లో కాల్చారు. లాండావర్‌ను మే 2న అదే జైల్లో సైనికులు కొట్టి చంపారు.

ఐస్నర్, లాండావర్ల అస్థికలను 1933లో నాజీలు పాత చోటు నుంచి తీయించేసారు. ఇప్పుడవి నగరానికి ఉత్తరాన ఉన్న కొత్త యూదుల శ్మశానంలో ఒకే రాయి కింద ఉన్నాయి. శనివారం వెళ్ళకండి, మూసి ఉంటుంది.