అక్క వంట సెట్టు కొనేటప్పుడు తమ్ముడి నోరు చూసి కొనండి

చిలకలూరిపేట నుంచి మళ్లీ నేనే. వెనకాల గోల వినిపిస్తే ఏమీ అనుకోకండి, ఇంట్లో ముగ్గురు పిల్లలు. మా పాపకి నాలుగేళ్లు. బాబుకి ఏడాది ఎనిమిది నెలలు. మా తోడికోడలి కొడుకు చిన్నోడికి తొమ్మిది నెలలు, ఇప్పుడిప్పుడే పాకుతున్నాడు. అందరం ఒకే ఇంట్లో ఉంటాం.

ఈరోజు టాపిక్ ఏంటంటే, మూడు నాలుగేళ్ల పిల్లలకి వంట సెట్టు, డాక్టర్ సెట్టు, కొట్టు సెట్టు లాంటివి కొనేటప్పుడు ఇంట్లో ఇంకా చిన్నపిల్లలుంటే ఏం చూసుకోవాలి అని. ముందు మా ఇంట్లో జరిగింది చెప్తాను.

మొన్న శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకి వెళ్లాం. ప్రభలు చూశాం, దర్శనం చేసుకున్నాం, దిగాక బొమ్మల అంగళ్ల దగ్గర మా పాప కదల్లేదు. ప్లాస్టిక్ వంట సెట్టు కావాలంది. పొయ్యి, కుక్కరు, గిన్నెలు, గరిటెలు, చిన్న చిన్న కూరగాయలు, మొత్తం వల సంచిలో కట్టి పెట్టారు. అట్ట పెట్టె లేదు, మీద ఏ గుర్తూ లేదు. చవగ్గా ఉందని కొనేశాం.

మూడో రోజు మధ్యాహ్నం నేను వంటింట్లో ఉన్నాను. మా అత్తయ్య ఉన్నట్టుండి "బాబేడే? చప్పుడు లేదేంటి?" అన్నారు. వెళ్లి చూస్తే మంచం పక్కన కూర్చుని బుగ్గలో ఏదో పెట్టుకుని చప్పరిస్తున్నాడు. ఆవిడే మెల్లగా బుగ్గ నొక్కి తీశారు. పొయ్యికి ఉండే తిప్పే బటన్. ఊడి వచ్చేసింది. అది గొంతులోకి జారి ఉంటే? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

భయంతో నేనేం చేశానంటే, సెట్టంతా తీసి బీరువా మీద పెట్టేశాను. పాప ఏడ్చి ఏడ్చి ఒక మాట అడిగింది: "నోట్లో పెట్టుకుంది తమ్ముడు కదా, నా బొమ్మలెందుకు తీసేశావు?" నా దగ్గర సమాధానం లేదండీ. నిజమే కదా. తప్పు చేసింది మేం, చూడకుండా కొన్నాం. శిక్ష పడింది దానికి.

అప్పుడు అర్థమైంది. ఇలాంటి ఇంట్లో రెండు పనులు కలిపి చెయ్యాలి. చిన్నోళ్ల ప్రాణానికి ముప్పు లేకుండా చూడాలి. పెద్దదాని ఆట పోకుండా కూడా చూడాలి. తెలుసుకున్నవి ఒక్కొక్కటే చెప్తాను.

మొదటిది సైజు. బొమ్మల తయారీదారులు చిన్న భాగాల కోసం ఒక గొట్టం లాంటి కొలత వాడతారు. దాని వెడల్పు 31.7 మిల్లీమీటర్లు, అంటే మూడు సెంటీమీటర్ల పైన కొంచెం. అందులో పూర్తిగా పట్టేసే ముక్క మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్లో ఉండకూడదు. మనం ఇంట్లో చేసుకోవచ్చు. పాత శుభలేఖ అట్టని నాలుగు సెంటీమీటర్ల వెడల్పు గొట్టంలా చుట్టండి. సెట్టులో ఒక్కో వస్తువూ అందులో వేసి చూడండి. లోపలికి పోయిందా, తీసి పక్కన పెట్టండి. మా వల సంచి సెట్టులో సగానికి పైగా లోపలికి పోయాయి! ఊడే భాగాలు కూడా చూడండి. బటన్లు, మూత మీది పిడులు, సిరంజి మూతలు, వీటిని గట్టిగా లాగండి. మన చేతికి ఊడితే పిల్లాడి పళ్లకీ ఊడుతుంది.

రెండోది, పెట్టె మీద గుర్తు. 0-3 అని రాసి, పసిబిడ్డ ముఖం మీద గీత కొట్టిన గుండ్రటి గుర్తు ఉంటుంది. "మా పాపకి నాలుగేళ్లు, మాకు పర్లేదు" అనుకుంటాం. కాదండీ, బొమ్మ ఎవరికి కొన్నా ఆ గుర్తు ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ల కోసం చదవాలి.

మూడోది ఐఎస్ఐ మార్కు. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే పిల్లల బొమ్మలకి ఇది తప్పనిసరి. మార్కుతో పాటు లైసెన్స్ నంబరు ఉంటుంది. ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్ వేసుకుని ఆ నంబరు కొట్టి చూడండి, లైసెన్స్ ఎవరి పేరు మీద ఉందో వస్తుంది. కొట్లో నిలబడే చూసేయొచ్చు.

నాలుగోది బ్యాటరీ. లైట్లు వెలిగే డాక్టర్ సెట్టు, శబ్దాలొచ్చే బొమ్మ ఫోను, వీటిలో కొన్నిటికి బిళ్ల బ్యాటరీలుంటాయి. అది మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోయే ప్రమాదం ఉంది. బ్యాటరీ మూతకి స్క్రూ లేకపోతే ఆ బొమ్మ కొనొద్దు. మింగాడేమో అని అనుమానం వచ్చినా చాలు, రేపు చూద్దాం అనుకోకుండా వెంటనే పెద్ద ఆసుపత్రికి వెళ్లిపోండి. పొడుగు తాళ్లు, గొట్టాలు ఉన్న సెట్లు కూడా వద్దు. పాకే పిల్లల మెడకి చుట్టుకుంటాయి.

"అయితే చెక్క బొమ్మలు కొంటే గొడవ లేదు కదా" అంటారు. మా అమ్మ వాళ్లు లక్కపిడతలతో గుజ్జనగూళ్లు ఆడుకున్నవాళ్లే. ఏటికొప్పాకలో అంకుడు కర్రని చక్రం మీద తిప్పి, లక్కలో సహజ రంగులు కలిపి బొమ్మలు చేస్తారు. వాటికి 2017లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. రంగు విషయంలో నాకు వాటి మీద నమ్మకం. కానీ లక్కపిడతల్లో మూతలు, గ్లాసులు బుల్లివి ఉంటాయి. సహజ రంగు అయినంత మాత్రాన గొంతులో ఇరుక్కోకుండా పోదు కదా! వాటికీ శుభలేఖ గొట్టం పరీక్ష చెయ్యాల్సిందే. ఇక కొండపల్లి బొమ్మలంటారా, తెల్ల పొణికి కర్ర ముక్కలు అతికించి రంగులేసిన సున్నితమైన పని అది. కొలువులో పెట్టుకోండి, చిన్నోడి నోటికి ఇవ్వకండి.

ఇంకోటి, మన వైపు ప్రత్యేకం. ఆటలో కూరకి నిజం సరుకులు ఇచ్చేస్తాం. చింతపిక్కలు, వేరుశనగ గింజలు, పత్తి గింజలు, ఎండు మిరపకాయలు. గింజలు గొంతుకి ప్రమాదం, మిరపకాయ కంటికి. మా పాపకి వాళ్ల తాతయ్యలా మిర్చి యార్డు ఆట ఆడటం ఇష్టం. పాత సాక్సుల్లో గుడ్డపీలికలు కుక్కి, నోరు కుట్టేసి టిక్కీలు చేసిచ్చాను. కాటా వేస్తుంది, రేటు చెప్తుంది, తమ్ముడు మోసుకెళ్తాడు!

చివరికి మేం ఏం కొన్నామంటే, తక్కువ ముక్కలు, పెద్ద ముక్కలు ఉన్న సెట్టు. ఒక పొయ్యి, రెండు గిన్నెలు, పళ్లేలు, అంతే. దానికి ఇంట్లో పాత స్టీలు గిన్నెలు, గరిటెలు కలిపాం. గరిటెలు మాత్రం మూడు ఒకేలాంటివి ఇచ్చాం, ముగ్గురికీ తలా ఒకటి. సగం కొట్లాటలు అక్కడే ఆగిపోయాయి.

మరి పాపకి ఇష్టమైన చిన్న కూరగాయలు? పారెయ్యలేదు. బిగుతు మూత ఉన్న డబ్బాలో పెట్టి దానికే ఇచ్చాను. చిన్నోళ్లు నిద్రపోయాక తలుపేసి, మంచం మీద, నేను పక్కనుండగా ఆడుకుంటుంది. అయ్యాక ఇద్దరం లెక్కపెట్టి సర్దుతాం. మొత్తం పద్నాలుగు. మొన్న పదమూడే వచ్చాయి. మంచం కింద దూరి మరీ వెతికి వంకాయ తెచ్చి, "దొరికిందమ్మా, తమ్ముడు తినలా" అంది. అంతకుముందు "తమ్ముడికిచ్చెయ్, నువ్వు పెద్దదానివి కదా" అని రోజుకి పదిసార్లు అనేదాన్ని. ఇప్పుడు అనట్లేదు. దానికీ నాలుగేళ్లే కదండీ.

ఒక జాగ్రత్త చెప్పి ఆపేస్తాను. ఏదైనా ఇరుక్కుని పిల్లాడు గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. కనిపించని దాని కోసం వేలు పెట్టి కెలకొద్దు, ఇంకా లోపలికి పోతుంది. దగ్గలేక, శబ్దం రాక, ఊపిరి అందకపోతే ఒకరు 108కి ఫోన్ చెయ్యండి. ఇంకొకరు పిల్లాణ్ణి తల కిందికి ఉండేలా బోర్లా పట్టుకుని రెండు భుజాల మధ్య అరచేత్తో ఐదుసార్లు చరచండి. అప్పటికీ రాకపోతే, ఏడాదిలోపు బిడ్డకి వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్యలో ఐదుసార్లు నొక్కాలి. ఏడాది దాటితే వెనక నుంచి పట్టుకుని బొడ్డు పైన లోపలికి, పైకి నొక్కాలి. ఈ పద్ధతి మీ పిల్లల డాక్టర్ దగ్గర ఒకసారి చేయించి చూడండి. మీరొక్కరే కాదు, ఇంట్లో అమ్మమ్మ, నానమ్మ కూడా.

ఈ రాత్రి పిల్లలు పడుకున్నాక బొమ్మల బుట్ట కింద కుమ్మరించి, ఒక పాత శుభలేఖ తీసుకుని కూర్చోండి. పది నిమిషాల పని. గొట్టంలో పట్టేవి వేరే డబ్బాలోకి తీసేయండి. కానీ పొద్దున్నే ఆ డబ్బా మీ పెద్దదానికి చూపించి, అవి దానివేనని చెప్పండి. మర్చిపోకండి.

ఉంటానండీ. చిన్నోడు లేచాడు.