బొగ్గుబాయికీ అలంపూర్‌కూ ఏమి సంబంధం?



2009 అక్టోబరు మొదటి వారం అలంపూర్ మరిచిపోదు. తుంగభద్ర ఒడ్డు దాటింది. ఇళ్లలోకి, గుళ్లలోకి నీళ్లొచ్చాయి. అవతలి ఒడ్డున కర్నూలు మునిగింది. కట్టుబట్టలతో బయటపడ్డవాళ్లు ఎందరో.

ఒక్క వరదను చూపి, ఇది ఫలానా పొగ వల్లనే వచ్చిందని అనలేం. కాని శాస్త్రవేత్తలు ఒక మాట చెబుతున్నారు. బొగ్గు, పెట్రోలు, డీజిలు కాలిన కొద్దీ గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది. అది భూమికి దుప్పటి కప్పినట్లు వేడిని పట్టి ఉంచుతుంది. వేడెక్కిన గాలి ఎక్కువ తేమను మోస్తుంది. అందుకే కురిస్తే కుండపోత. కురవకపోతే ఎండుడే.

ఆ బొగ్గు ఎక్కడిది? గోదావరి లోయది. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించాడు. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఈ బొగ్గు తెలంగాణ కరెంటు కేంద్రాలకు పోతుంది. కృష్ణ ఒడ్డున ఉన్న రాయచూరు కేంద్రానికీ పోతుంది.

మరి జూరాల కరెంటు లేదా? ఉంది. జూరాలలో 39 మెగావాట్ల యంత్రాలు ఆరు ఉన్నాయి. కాని నదిలో నీళ్లుంటేనే అవి తిరుగుతాయి. ఎండాకాలం మళ్లీ బొగ్గే దిక్కు.

బొగ్గు తీయడానికి కూడా కరెంటు కావాలి. భూగర్భ గనిలోకి గాలి పంపే ఫ్యాన్లు రాత్రింబవళ్లు తిరగాలి. ఆగితే చెడ్డ గాలి నిండుతుంది. ఊట నీటిని పంపులు తోడుతూనే ఉండాలి. ఆగితే గని మునుగుతుంది. లోపల ఉన్నది మనుషులు.

ఇప్పుడు సింగరేణి తన భూముల్లో సూర్యుడి కరెంటు తీస్తోంది. 2020లో జైపూర్ దగ్గర మొదలైంది. ఇప్పుడు 200 మెగావాట్లు దాటింది. 2023లో అక్కడి చెరువు నీటి మీద కూడా పలకలు తేలించారు. పలకల నీడ వల్ల నీరు ఆవిరి కావడం తగ్గుతుంది. కాని సూర్యుడు పగలే ఉంటాడు. రాత్రి ఫ్యాను ఆగకూడదు కదా! అందుకే పాత కరెంటు అవసరం ఇంకా తీరలేదు.

వాతావరణం మారితే దెబ్బ గనికీ తగులుతుంది. 2022 జులైలో గోదావరి పొంగినప్పుడు ఓపెన్‌కాస్టు గనుల్లో నీళ్లు నిలిచి పని ఆగింది. ఎండ మాటకొస్తే, 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడదెబ్బకు వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఓపెన్‌కాస్టులో చెట్టు నీడ ఉండదు. నల్లబొగ్గు సెగ కక్కుతుంది. అక్కడ వాన కాలువలు, పెద్ద పంపులు ముందే సిద్ధం కావాలి. కార్మికులకు తాగునీరు, మజ్జిగ, నీడ, మిట్టమధ్యాహ్నం విశ్రాంతి కావాలి. ఇది దయ కాదు, హక్కు.

ఇంకో ప్రశ్న ఉంది. బొగ్గు తగ్గితే బొగ్గు మీద బతికే ఊళ్లు ఏమి తినాలి? గని మూయకముందే వాళ్ల పిల్లలకు వేరే పని చూపాలి. వలస పోయి బతికిన పాలమూరు వాళ్లకు ఆ బాధ వేరే చెప్పాలా?

అలంపూర్ చేయగలిగింది ఏమిటి? ఒక యూనిట్ కరెంటుకు సుమారు ముప్పావు కిలో బొగ్గు కాలుతుంది. 5 హార్స్‌పవర్ మోటారు గంటసేపు ఆడితే దాదాపు 4 యూనిట్లు. అంటే 3 కిలోల బొగ్గు. పొలం మోటారుకు బిల్లు రాదు నిజమే. కాని బొగ్గు ఊరికే రాదు. ఆటో స్టార్టరు పెడితే కరెంటు రాగానే మోటారు దానంతటదే ఆడుతుంది. రైతు నిద్రలో ఉంటాడు. మడి నిండి నీళ్లు గట్టు దాటుతాయి. అటు బొగ్గు పాయె, ఇటు బోరు నీళ్లు పాయె. ఆటో స్టార్టరు తీసేయాలి. కెపాసిటర్ బిగించాలి. మంచి ఫుట్‌వాల్వు వాడాలి.

అక్షరాలు, అంకెలు నేర్చినవాళ్లకు ఒక పని. ఇంటి మీటరు మీద అంకె ఈరోజు రాసుకోండి. నెల తరువాత మళ్లీ చూడండి. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేయండి. ఎన్ని యూనిట్లు కాలాయో తెలుస్తుంది. దాన్ని ముప్పావుతో లెక్క కట్టండి. ఎన్ని కిలోల బొగ్గో తెలుస్తుంది. పక్కింటి అక్కకు కూడా చూపండి.