వీడియో చూసి చేసేముందు

ఫోన్‌లో వీడియో చూసి బొరుగుల ఉండలు చేద్దామనుకుంటున్నారా? అందులో చెప్పే నిమిషాల లెక్క కన్నా పాకాన్నే నమ్ముకోండి. చుక్క బెల్లం పాకం నీళ్లలో వేసి, ఉండ చేసి పళ్లెంలో కొడితే టంగుమనాలి. అప్పుడు దించి బొరుగులు కలపండి. చేతికి నెయ్యి రాసుకుని, వేడి ఆరకముందే చుట్టేయండి. ఆదోని ఇళ్లలో ఉగ్గాని టిఫిన్‌కు తెచ్చిన బొరుగులు ఎలాగూ ఉంటాయి. మెత్తబడితే ముందు కాస్త వేయించుకోండి.

ఇక చేతిపని. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఎమ్మిగనూరులో గుడ్డకు కొదవా? పాత నూలు చీరను పేలికలుగా చింపి, జడలా అల్లి, గుండ్రంగా చుడుతూ కుట్టండి. కాళ్లు తుడుచుకునే పట్టా తయారు! పాలిస్టర్ వద్దు, తడి పీల్చదు. కుట్టేటప్పుడు దారం మరీ బిగించారో, అంచులు పైకి లేస్తాయి.