కంప్యూటరు డిస్కులో హద్దులు జరపడం - ముందు జాగ్రత్తలు

(కళ్యాణదుర్గంలో జరిగిన మన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు అప్పగించిన అంశం వినగానే "ఈ వయసులో ఇది మనకెందుకు" అని కొందరికి అనిపించవచ్చు. కారణం మనవి చేస్తాను. మనలో చాలామంది ఇళ్ళలో ఉన్నవి బెంగళూరులోనో, హైదరాబాదులోనో ఉద్యోగాలు చేసే పిల్లలు వాడి ఇచ్చిన కంప్యూటర్లు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ వారి సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11కు మారుదామని చూస్తే, దానికి కనీసం 64 గిగాబైట్ల డిస్కు కావాలి. చాలా పాత కంప్యూటర్లలో సి డ్రైవు చిన్నది, ఎర్ర గీతతో నిండిపోయి ఉంటుంది. పక్కనే డి డ్రైవు సగానికి పైగా ఖాళీగా ఉంటుంది. "దాంట్లోంచి కొంచెం దీంట్లోకి కలిపితే పోలేదా" అన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది.

ఆలోచన సరైనదే. పని మాత్రం తొందరపడి చేసేది కాదు. ఆ డిస్కులో ఉన్నవి ఏమిటో ఒకసారి గుర్తు చేసుకోండి. పెన్షన్ పేమెంటు ఆర్డరు నకలు, సర్వీసు రిజిస్టరు పుటలు, పట్టాదారు పాసు పుస్తకం స్కాను, బ్యాంకు కాగితాలు, పిల్లల పెళ్ళి ఫోటోలు. మనం లేని రోజున కుటుంబ పెన్షన్ కోసం మన ఇల్లాలు వెతికేది వీటినే. అందుచేత ఇది యంత్రం సంగతి మాత్రమే కాదు, ఇంటి సంగతి.

పార్టిషన్ అంటే ఏమిటో మనకు తెలిసిన భాషలో చెబుతాను. ఒక డిస్కును ఒక సర్వే నంబరు అనుకోండి. దాన్ని సబ్ డివిజన్ చేస్తే వచ్చిన ముక్కలే సి, డి, ఇ డ్రైవులు. ఏ ముక్క ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రాసి ఉన్న చిన్న పట్టిక డిస్కు మొదట్లో ఉంటుంది. మన కొలతల పుస్తకం లాంటిది అది. పాత పద్ధతి పట్టికను ఎం.బి.ఆర్. అంటారు. అందులో ప్రధాన ముక్కలు నాలుగుకు మించవు, డిస్కు 2 టెరాబైట్లు దాటితే పనికిరాదు. కొత్త పద్ధతి పేరు జి.పి.టి. విండోస్‌లో అది 128 ముక్కల దాకా ఒప్పుకుంటుంది. ఏ పద్ధతిలోనైనా ఆ పట్టిక చెడితే, సరుకు డిస్కులోనే ఉన్నా కంప్యూటరుకు దారి తెలియదు.

సి డ్రైవు ఎందుకు చిన్నదయింది? 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీకి ఒకటిన్నర గిగాబైటు చోటు ఉంటే చాలు. ఆ రోజుల్లో కంప్యూటరు బిగించేవారు సి కి కొద్దిగా ఇచ్చి, మిగతాదంతా డి కి ఇచ్చేవారు. ఆ అలవాటు తర్వాత కూడా చాలా ఏళ్ళు కొనసాగింది. విండోస్ పెరిగింది, సి పెరగలేదు.

అయితే హద్దు జరపడానికి ముందు, జరపవలసిన అవసరం ఉందా అని చూడాలి. రీసైకిల్ బిన్‌ను ఖాళీ చేయండి. డౌన్‌లోడ్స్ ఫోల్డరు తెరిచి చూడండి. ఒకే కాగితం ఐదుసార్లు దిగి ఉంటుంది, పండగ శుభాకాంక్షల వీడియోలు వందల్లో ఉంటాయి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్ అన్న చోట తాత్కాలిక ఫైళ్ళను తొలగించే వీలుంది. డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లను పూర్తిగా డి లోకి మార్చవచ్చు. ఆ ఫోల్డరు మీద కుడి మీట నొక్కి, ప్రాపర్టీస్‌లో లొకేషన్ అన్న పేజీలో మూవ్ అంటే సరి. ఎన్నో ఇళ్ళలో ఇంతటితోనే పని తీరుతుంది, హద్దు రాయి ముట్టనక్కరలేదు.

అయినా చాలకపోతే, మొదటి పని నకలు తీయడం. డి డ్రైవులో ఒక నకలు పెట్టుకున్నాం కదా అంటారు కొందరు. సి, డి రెండూ ఒకే డిస్కులో ముక్కలు. ఇల్లు కాలితే వంటగదీ కాలుతుంది, పడక గదీ కాలుతుంది. నకలు వేరే డిస్కులో ఉండాలి. ఒక బయటి హార్డ్ డిస్కు కొని సి లోని మీ ఫైళ్ళను, డి లోని ఫైళ్ళను అందులోకి ఎక్కించండి. అతి ముఖ్యమైన కాగితాలను పెన్ డ్రైవులో కూడా వేసుకోండి. తర్వాత ఆ డిస్కును మరో కంప్యూటరుకు తగిలించి, పది ఫైళ్ళు తెరిచి చూడండి. తెరిచి చూడని నకలును నకలుగా లెక్కపెట్టవద్దు. అన్నీ సరిగా ఉన్నాయని తేలాక దాన్ని ఊడదీసి బీరువాలో పెట్టండి. పని జరిగేటప్పుడు అది కంప్యూటరుకు తగిలి ఉంటే, పొరపాటున దానినే తుడిచివేసే ప్రమాదం ఉంది.

రెండవది తాళం చెవి సంగతి. కొన్ని కంప్యూటర్లలో డిస్కు సమాచారం అంతా బిట్‌లాకర్ అనే తాళంలో ఉంటుంది. 2024లో వచ్చిన విండోస్ 11 మార్పు నుండి, కొత్తగా విండోస్ ఎక్కించి మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశిస్తే, చాలా కంప్యూటర్లలో ఈ తాళం మనం అడగకుండానే పడుతున్నది. దానికి 48 అంకెల రికవరీ కీ ఉంటుంది. సాధారణంగా అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోనే దొరుకుతుంది. దాన్ని కాగితం మీద రాసి పెన్షన్ ఫైలులో పెట్టండి. ఆ అంకెలు లేకపోతే తర్వాత ఎంత గొప్ప నిపుణుడైనా చేయగలిగింది లేదు.

మూడవది కరెంటు. వాన వచ్చే సూచన ఉన్న సాయంత్రం ఈ పని పెట్టుకోవద్దు. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ నిండుగా ఉంచి, ఛార్జరు కూడా తగిలించండి. డెస్క్‌టాప్ అయితే యు.పి.ఎస్. ఉండాలి. ఇంట్లో ఇన్వర్టరు ఉందిలే అనుకోవద్దు. కరెంటు పోయి ఇన్వర్టరు అందుకునే ఆ క్షణంలోనే కంప్యూటరు ఆగిపోవచ్చు.

నాలుగవది డిస్కు ఆరోగ్యం. సి, డి డ్రైవుల ప్రాపర్టీస్‌లో టూల్స్ అన్న చోట చెక్ నొక్కి, తప్పులున్నాయేమో చూడండి. డిస్కు టకటక శబ్దం చేస్తుంటే హద్దులు జరిపే మాటే వద్దు. అందులో ఉన్నది బయటికి తీసి, కొత్త డిస్కు వేయించండి.

ఇక అసలు పని. స్టార్ట్ బొమ్మ మీద కుడి మీట నొక్కితే డిస్క్ మేనేజ్‌మెంట్ అనే పేరు కనబడుతుంది. అది తెరిస్తే డిస్కు ఒక పొడుగాటి పట్టీలా, ముక్కలు ముక్కలుగా కనబడుతుంది. ఏ ముక్క మీదనైనా కుడి మీట నొక్కితే ష్రింక్ వాల్యూమ్, ఎక్స్‌టెండ్ వాల్యూమ్ అని ఉంటాయి. మొదటిది కుదించడానికి, రెండవది పెంచడానికి. ఎన్ని మెగాబైట్లు కుదించాలి అని అడుగుతుంది. ఒక గిగాబైటుకు 1024 మెగాబైట్లు కనుక, 50 గిగాబైట్లకు 51200 అని వేయాలి. డ్రైవులో చోటున్నా కొన్నిసార్లు ఎక్కువ కుదించనివ్వదు. మధ్యలో కదలని ఫైళ్ళు ఉండటమే దానికి కారణం, మన తప్పు కాదు.

ఇక్కడే చాలామంది చిక్కుకుంటారు. డి ని కుదించారు, 50 గిగాబైట్లు ఖాళీ వచ్చింది. అన్‌అలొకేటెడ్ అని నల్ల గీతతో కనబడుతుంది. తీరా సి మీద కుడి మీట నొక్కితే ఎక్స్‌టెండ్ వాల్యూమ్ మసకగా ఉంది, పని చేయదు. ఎందువల్ల? మన చేలతోనే చూడండి. పడమర అన్న చేను, తూర్పున తమ్ముడి చేను, మధ్యలో గెనిమ. తమ్ముడు తన చేనులో తూర్పు చివర పది సెంట్లు వదిలాడు. అన్నకు అది ఎలా కలుస్తుంది? మధ్యలో తమ్ముడి చేను అడ్డంగా ఉంది. డి ని కుదిస్తే ఖాళీ వచ్చేది డి కి కుడి వైపు చివర. సి పెరగాలంటే ఖాళీ సి కి కుడి పక్కనే, ఆనుకొని ఉండాలి. విండోస్ ఇచ్చిన పనిముట్టు ముక్కలను కుదించగలదు, పెంచగలదు. పక్కకు జరపలేదు.

అప్పుడు దారులు మూడు.

ఒకటి, డి లోనిదంతా బయటి డిస్కులో భద్రంగా ఉన్నదని తేలాక, డి ని తొలగించి, సి ని పెంచి, మిగిలిన చోటులో మళ్ళీ డి ని చేసి, ఫైళ్ళను తిరిగి ఎక్కించడం. డి లో ఏదైనా సాఫ్ట్‌వేరు నెలకొల్పి ఉంటే అది పోతుందని గమనించాలి. నకలు సరిగా ఉన్నవారికి ఇది తేలికైన దారి.

రెండు, జిపార్టెడ్ వంటి పనిముట్టుతో డి ని కుడి వైపుకు జరపడం. అది ఉచితం. పెన్ డ్రైవు నుండి కంప్యూటరును నడిపించి వాడతారు. చేనులో గెనిమ జరిపితే మట్టి ఎక్కడిదక్కడే ఉంటుంది. డిస్కులో అలా కాదు. డి మొదలు జరిగితే అందులోని సమాచారాన్ని తీసి కొత్త చోట రాయాలి. పెద్ద డిస్కయితే గంటలు పడుతుంది, ఆ గంటలలో కరెంటు పోతే సగం పాత చోట, సగం కొత్త చోట మిగులుతుంది. మన పట్టణంలోనే ఒక మిత్రుని ఇంట ఇలాగే జరిగింది. మనవరాలి నామకరణం ఫోటోలలో బంధువుల ఫోన్లలో ఉన్నవి మాత్రమే తిరిగి దక్కాయి. ఈ దారిలో వెళ్ళేవారు ముందుగా బిట్‌లాకర్ తాళాన్ని పూర్తిగా తీసివేయాలి. షిఫ్ట్ మీట పట్టుకొని షట్ డౌన్ చేయాలి. అలా చేస్తేనే విండోస్ సగం నిద్రలో కాక పూర్తిగా ఆగుతుంది.

మూడు, పెద్ద ఎస్.ఎస్.డి. కొని, పాత డిస్కును దానిలోకి యథాతథంగా నకలు చేయించడం. దీన్ని క్లోనింగ్ అంటారు. ఖర్చు అవుతుంది. కానీ పాత డిస్కు చెక్కుచెదరకుండా మన చేతిలో ఉంటుంది, కంప్యూటరు వేగం కూడా పెరుగుతుంది. పాత హార్డ్ డిస్కు ఉన్న ఇంటికి నా సలహా ఇదే. ఏది పాతది, ఏది కొత్తది అన్నది మాత్రం రెండుసార్లు చూసుకోవాలి. తిరగబడితే ఖాళీ డిస్కు వచ్చి నిండు డిస్కు మీద పడుతుంది.

మరొక హెచ్చరిక. ఆ పట్టీలో వంద, ఐదు వందల మెగాబైట్ల చిన్న ముక్కలు కనబడతాయి. వీటితో పనేముందని తొలగించవద్దు. ఒకటి కంప్యూటరును లేపేది, మరొకటి విండోస్ చెడినప్పుడు బాగు చేసే రికవరీ ముక్క. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ వారు విండోస్ 10కు కేబీ 5034441 అనే నవీకరణ పంపారు. రికవరీ ముక్కలో 250 మెగాబైట్ల ఖాళీ లేని కంప్యూటర్లలో అది ఎక్కక, ప్రపంచమంతటా ఎందరికో తప్పు సందేశం వచ్చింది. సి ని కొంత కుదించి రికవరీ ముక్కను పెంచుకోమని ఆ సంస్థే విధానం ప్రకటించవలసి వచ్చింది. అందులోని ఆదేశాలు సామాన్యుడు టైపు చేసేవి కావు. కొన్ని కంప్యూటర్లలో ఈ రికవరీ ముక్క సరిగ్గా సి కి, డి కి మధ్యలో కూర్చుంటుంది. అప్పుడు డి ని తీసేసినా సి పెరగదు. అటువంటి చోట తెలిసినవారిని పిలవడమే మేలు.

పిలిచినప్పుడు వచ్చిన కుర్రవాణ్ణి నాలుగు ప్రశ్నలు అడగండి. నకలు ఎక్కడ తీస్తావు? తీసిన నకలు నాకు తెరిచి చూపిస్తావా? బిట్‌లాకర్ ఉందా, దాని అంకెలు ఏవి? మధ్యలో కరెంటు పోతే ఏం చేస్తావు? "పది నిమిషాల పని సార్, ఏమీ కాదు" అన్నవాడికి టీ ఇచ్చి పంపించండి. నాలుగింటికీ జవాబు చెప్పినవాడికి అడిగిన కూలి ఇవ్వండి.

జరగరానిది జరిగి డి డ్రైవు కనబడకపోతే, కంగారులో చేసే పనులే ఎక్కువ నష్టం తెస్తాయి. "ఈ డిస్కును ఫార్మాట్ చేయాలి" అని కంప్యూటరు అడిగితే ఒప్పుకోవద్దు. అందులో కొత్తగా ఏమీ రాయవద్దు. కంప్యూటరు ఆపివేయండి. పట్టిక ఒక్కటే చెడి ఉంటే, టెస్ట్‌డిస్క్ అనే ఉచిత పనిముట్టుతో తెలిసినవారు హద్దులను మళ్ళీ గుర్తించగలిగే అవకాశం ఉంది. పైన కొత్త సమాచారం పడితే ఆ అవకాశం సన్నగిల్లుతుంది.

మిత్రులారా, హద్దులు జరిపినంత మాత్రాన డిస్కు పెరగదు. 500 గిగాబైట్లు 500 గానే ఉంటాయి, ఎకరం ఎకరమే. సర్దుబాటు కోసం ఉన్నది పోగొట్టుకోకూడదు. అందుకే ఈ నెలలో పెన్షన్ పడగానే చేయవలసిన పని ఒకటి మనవి చేస్తున్నాను. హద్దులు జరిపినా జరపకపోయినా, ఒక బయటి డిస్కు కొని మీ కాగితాలు, ఫోటోలు అందులో వేయండి. అది బీరువాలో ఏ అరలో ఉందో మీ ఇల్లాలికి, పిల్లలకు చెప్పండి. దాని మీద తేదీ వేసి ఒక చీటీ అంటించండి. ఫైలు మీద తేదీ వేయడం మనకు ఎవరూ నేర్పనక్కరలేదు కదా!