పుష్‌రాడ్ పొడవు

చరిత్ర చదివి దస్త్రముల నడుమ జీవించు నేను ఇంజనును గూర్చి మాటలాడుటకు కారకుడు నా మేనల్లుడు. డెట్రాయిటులో వాడు విప్పి కూర్చుచున్న పాత షెవర్లే వి-8 ఇంజనుకు దీపము పట్టుకొను ఉద్యోగము నాకు దొరకెను.

1955లో వెలువడిన ఆ జాతి ఇంజనులో కామ్‌షాఫ్టు క్రిందను, వాల్వులు పైనను ఉండును. కామ్ లిఫ్టరును లేపగా, దానిపై నిలిచిన పుష్‌రాడ్ అను ఉక్కు గొట్టము రాకరును నెట్టి వాల్వును తెరచును. లిఫ్టరులో నూనెపై నిలుచు చిన్న ప్లంజరు కలదు. వాల్వు మూసియున్నపుడు పుష్‌రాడ్ దానిని కొంచెము అదిమియుండవలెను, అదియే ప్రీలోడు. అంగుళమును వేయి భాగములు చేయగా సాధారణముగా 20 నుండి 60 భాగములు. చాలకున్న చప్పుడు, మితిమీరిన వాల్వు పూర్తిగా మూసుకొనక అంచు కాలిపోవును.

మావాడు అధిక శక్తికై సిలిండరు హెడ్డును చెక్కించి, పాత పుష్‌రాడ్లనే అమర్చబోయెను. మనము పాత నోటు చూచి క్రొత్త నోటు వ్రాసినట్లే! “నట్టు బిగించిన అన్నియు సరిపోవును గదా” అని వాని వాదము. పొరుగింటి వృద్ధ మెకానికు ఒప్పుకొనలేదు. నట్టు ప్రీలోడును సరిచేయును గాని, రాకరు వాల్వుకొనపై ఎచ్చట రాయునో నిర్ణయించునది పొడవే యనెను. పొడవు మార్చదగిన కొలత పుష్‌రాడ్ పెట్టించి, వాల్వుకొనకు సిరా పూసి, ఇంజనును చేతితో త్రిప్పించెను. గీత నడుమ, సన్నగా పడవలసియుండగా అంచున పడెను! అట్లే నడిపిన వాల్వు ప్రక్కకు నెట్టబడి దాని గైడు అరిగెడిది.

కొలిచిన పొడవునకు క్రొత్త రాడ్లు తెప్పించిన పిదప, ఒకదానిని నా వ్రేళ్లకిచ్చెను. పైకి క్రిందికి కదలిక పోయినచోటనే ఆగవలెను. త్రిప్పి చూచిన మోసపోదుము, నూనె పూసిన రాడ్ బిగిసినను తిరుగును. అచ్చటినుండి నట్టు అరచుట్టు.

పదునారు వాల్వులకును ఇట్లే. మా అక్క భోజనమునకు మూడుమార్లు పిలిచినది.