విరాటపర్వము – వాన



ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములు మెట్టనేలలు. ఈశాన్యపు వానలే ఇచటి పైరులకు ప్రాణము. చిత్త, స్వాతి కార్తెలలో చినుకు రాలనిచో సజ్జచేలు మాడును. చెఱువులు నెఱ్ఱెలు విచ్చును. అట్టి యేడు తెలుగునాట పెద్దలు చేయుచువచ్చిన యాలోచన యొక్కటియే: విరాటపర్వము చదివింపవలెను, లేదా ఆడింపవలెను. పౌరాణికుడు దొరకినచోట పురాణము, తోలుబొమ్మలవారు దొరకినచోట బొమ్మలాట. కొబ్బరికాయ కొట్టి, విఘ్నేశ్వరుని స్తుతించి ఆట మొదలిడిన పిమ్మట చూపఱుల కన్నులు సగము తెరమీదను, సగము మబ్బుమీదను ఉండెడివి.

ఈ నమ్మకమునకు మూలము విరాటపర్వములోనే కలదు. అజ్ఞాతవాసము ముగియవచ్చినది. వేగులవారు పాండవుల జాడ కానక హస్తినాపురికి తిరిగివచ్చిరి. అప్పుడు భీష్ముడు కొన్ని యానవాళ్లు చెప్పెను. ధర్మరాజున్న దేశమున మేఘములు సకాలమున వర్షించును. ఆవులు బక్కచిక్కక పాలు సమృద్ధిగా నిచ్చును. జనులు దాతలు, ప్రియభాషులు, సత్యపరులు, అసూయ యెఱుగనివారు. అట్టిచోట వెదకుడనెను. ఇది దీవెన కాదు, వేగులకు చెప్పిన గుర్తు. ధర్మరాజున్నచోట వాన కురియునను మాటను జనులు ధర్మరాజు కథ యున్నచోట వాన కురియునని గ్రహించిరి.

పలికిన పలుకు ఫలించునను నమ్మకము మన యిండ్లలోను కలదు. తథాస్తు దేవతలు విందురని, దీపము ఆరినచో కొండెక్కినదందురు. బియ్యము అయిపోయినచో నిండుకొన్నవందురు. ఈ మాటను ఉన్నదున్నట్లు గ్రహించిన పరాయివాడు ఆ పూట పస్తుండవలసినదే. కల్లములో తొలికొలతను ఒకటి యనక లాభమందురు. కవిలెలో మాత్రము అది ఒకటిగానే యెక్కును! ఇంగ్లీషు నాటకశాలలలో రీతి వేఱు. రంగమెక్కబోవు నటునితో తోడివారు ‘కాలు విరుగుగాక’ యందురు. ‘మాక్బెత్’ పేరు అచట నుచ్చరింపక ‘స్కాట్లండు నాటక’మందురు. మేలు కోరినచో చెడునని వారి వెఱపు. కీడు పలికినచో ఫలించునని మన వెఱపు.

భారతమునకే యిట్టి వెఱపు తగులుకొన్నది. అరణ్యపర్వము తెనిగించుచు నన్నయ అస్తమించెనని, ఆ పర్వము అచ్చిరాదని లోకమున వాడుక. నెల్లూరి మనుమసిద్ధి మంత్రి తిక్కన విరాటపర్వముతో నారంభించుటకు ఆ భయమే కారణమందురు. తిక్కన భయమను మాట యెత్తలేదు. మూడు పర్వములు నన్నయభట్టు రచించెనని గౌరవముతో చెప్పి తన పని తాను చేసెను. 14వ శతాబ్దమున ఎఱ్ఱన అరణ్యపర్వ శేషమును పూరించియు రాజరాజునకే యంకితమొనర్చెను. అది నన్నయయందలి భక్తియని తలచుటయే న్యాయము. ఆయన హరివంశము, నృసింహపురాణము వంటి గ్రంథములును రచించెననియు మఱువరాదు.

1885లో కడప మండలపు సురభి గ్రామమున వనారస గోవిందరావు ఆడించిన తొలి నాటకమును విరాటపర్వములోని కీచకవధయే. అది వానకొఱకు కాదు.

భీష్ముడు చెప్పిన గుర్తులలో వాన యొకటి మాత్రమే. దానము, ప్రియభాషణము, సత్యము, అసూయ లేకుండుట – వీనికొఱకు ఏ యూరివారును చందాలెత్తి బొమ్మలాట ఆడించినట్లు వినరాదు. ఆ ఘట్టము కీచకవధకును దక్షిణ గోగ్రహణమునకును నడుమ నున్నది.