వడ్రంగిపిట్ట తొలిచిన ఇల్లు

కొండాపూరు పేరు వినగానే నేడు మనకు అద్దాల మేడలూ, కార్ల బారులూ స్ఫురిస్తవి. ఆ మేడల నడుమనే కోట్ల విజయభాస్కరరెడ్డి వృక్షోద్యానం ఉన్నది. ఉదయంపూట ఆ ప్రాంతంలో నిలుచుంటే, ఎవరో నవ్వుకుంటూ పోయినట్లు గలగలమని ఒక కేక వినవస్తుంది. తలెత్తి చూడండి: బంగారు వన్నె వీపు, ఎర్రని జుట్టు, నల్లని తోక. అదే మన వడ్రంగిపిట్ట.

గత ఫాల్గుణంలో, ఉద్యానానికి సమీపాన ఒక కాలనీలో ఎండిన వేపమానుపై ఈ పిట్టల జంటను కొన్నాళ్లు గమనించాను. మగదాని నడినెత్తి అంతా ఎరుపే. ఆడదానికి నుదురు నల్లగా ఉండి తెల్లని చుక్కలుంటవి. రెండూ వంతులవారీగా మాను తొలిచినవి. ఒకటి అలసి తొలగగానే రెండవది వచ్చి వాలేది. ఈ జాతి గూటికి ద్వారం అడ్డంగా లోనికి పోయి, అక్కడినుండి గది క్రిందికి దిగుతుంది. లోపల గడ్డి లేదు, దూది లేదు. ఆ కటిక నేలపైనే సాధారణంగా 3 తెల్లని గ్రుడ్లు పెడుతుంది. వడ్రంగిపిట్టల జాతులు పెక్కింటిలో రాత్రివేళ పొదిగే పని తండ్రిదే.

అమెరికాలోని కాలిఫోర్నియాలో ఒక జాతి వడ్రంగిపిట్టలు ఉమ్మడి కుటుంబంగా జీవిస్తవి. ఒకే మానుకు వేలకొలది రంధ్రాలు పొడిచి, సింధూర వృక్షపు కాయలను గాదెలో వలె దాచుకొంటవి. పిల్లలను తల్లిదండ్రులతోపాటు ఇతర బంధువులూ మేపుతవి. మన పిట్టకు అంతటి ఉమ్మడి కాపురం లేదు. జంటగానో, చిన్న గుంపుగానో తిరుగుతుంది. ఒక్కొక్కప్పుడు ఇతర జాతుల పక్షులతో కలిసి మేతకు పోతుంది.

అయినా దాని శ్రమపై ఒక ఊరే ఆధారపడి ఉన్నది. వడ్రంగిపిట్ట విడిచిన తొర్రలలో గోరువంకలూ, చిలుకలూ, చిన్న గుడ్లగూబలూ కాపురం పెడతవి. కొన్ని దౌర్జన్యంగా ముందే ఆక్రమించుకొనడమూ కద్దు. తెలంగాణ రాష్ట్రపక్షియైన పాలపిట్ట కూడా చెట్టు తొర్రలలో గ్రుడ్లు పెట్టేదే; గట్టి మాను తొలిచే ముక్కు దానికి లేదు.

నేను చూచిన వేపమానును కొట్టివేయాలని కాలనీవారు తలచారు. మీద పడుతుందేమోనన్న వారి భయం అకారణమైనది కాదు. చివరకు బాటపైకి వంగిన కొమ్మలను నరికించి, మొండాన్ని మాత్రం ఉంచారు. గూడు నిలిచింది.

ఎండిన మాను మనకు వంటచెరకుగా కనిపిస్తుంది. ఎవరికీ హాని లేని చోట దానిని అలాగే నిలువనిద్దాం. దసరానాడు పాలపిట్ట దర్శనం శుభమని ఎదురుచూచే మనం, అది తలదాచుకొనే తొర్రను గూర్చి కూడా తలచుకోవలసి ఉన్నది గదా!